‘ఆ తర్వాత’ కాదు... ‘అందుకే’ అనండి!

2015 జులైలో ‘బాహుబలి’ మొదటి భాగం చూసి థియేటర్ నుంచి బయటికొచ్చిన ప్రతి ఒక్కరికీ ఒక విషయం స్పష్టంగా తెలుసు. బాహుబలిని చంపింది కట్టప్ప. ఆ మాట స్వయంగా కట్టప్పే చెప్పాడు. తెలియంది ఒక్కటే... ఎందుకు చంపాడు? నేనప్పుడు బీటెక్‌లో చేరే హడావుడిలో ఉన్నా. కౌన్సెలింగ్ క్యూలో నిలబడి కూడా మేం మాట్లాడుకుంది సీట్ల గురించి కాదు, కట్టప్ప గురించే. జవాబు కోసం 2017 ఏప్రిల్ దాకా ఆగాం.

ఏం జరిగిందో తెలుసు. ఎవరు చేశారో తెలుసు. అయినా కథ పూర్తయినట్టు అనిపించలేదు. ఎందుకంటే మనిషి మనసుకి సంఘటన సరిపోదు, కారణం కావాలి. ఆ కారణాల అల్లికనే ప్లాట్ అంటారు.

ఉద్యోగాల పేజీలో సినిమా కబుర్లేంటి అనుకుంటున్నారా? ఇంటర్వ్యూల్లో మనలో చాలామంది బోల్తా పడేది సరిగ్గా ఇక్కడే. ఏం చేశామో చెబుతాం. ఎప్పుడు చేశామో చెబుతాం. ఎందుకు చేశామో మాత్రం వదిలేస్తాం. ఆ తప్పు నేనూ చేశా, అదీ ఒకసారి కాదు.

నా మొదటి ఇంటర్వ్యూ

క్యాంపస్ డ్రైవ్‌లో ‘మీ గురించి చెప్పండి’ అని అడగ్గానే నేను మొదలుపెట్టా. మాది ప్రకాశం జిల్లాలో ఒక పల్లె. పదో తరగతిలో ఇన్ని పాయింట్లు, ఆ తర్వాత ఇంటర్‌లో ఇన్ని మార్కులు, ఆ తర్వాత బీటెక్. హాబీలు క్రికెట్, పాటలు వినడం. నా బలం కష్టపడటం. బలహీనత... మరీ ఎక్కువ కష్టపడటం. ఎదురుగా ఉన్నాయన తల ఎత్తకుండా రెజ్యుమెలో తర్వాతి లైన్ చూస్తున్నారు. నిజమే కదా, నేను చెబుతున్నదంతా ఆయన చేతిలో ఉన్న కాగితంలోనే ఉంది!

ప్రాజెక్టు గురించి అడిగారు. అదీ అంతే. ‘ముఖాన్ని గుర్తించి హాజరు వేసే సిస్టమ్ సర్. పైథాన్, ఓపెన్‌సీవీ వాడాం. ముందు ఫొటోలు తీశాం. ఆ తర్వాత మోడల్‌ని ట్రెయిన్ చేశాం. ఆ తర్వాత టెస్ట్ చేశాం. ఆ తర్వాత రిపోర్ట్ ఇచ్చాం.’ ఒక్క అబద్ధం లేదు. కానీ వినేవాళ్లు అడ్డొచ్చి ‘తర్వాతేమైంది?’ అని అడగాలనిపించే చోటు కూడా ఒక్కటీ లేదు. ఫలితం మీరు ఊహించిందే.

అప్పట్లో నా ఇంగ్లిష్ బాలేదనుకున్నా. ఇంకో కోర్సు చేయాలనుకున్నా. అసలు లోపం భాషలో కాదు, అల్లికలో ఉందని తెలియడానికి ఇంకొన్ని తిరస్కారాలు పట్టాయి.

కథ వేరు, ప్లాట్ వేరు

ఈ తేడాని తేటగా విడదీసి చెప్పినవాళ్లలో ఇంగ్లిష్ నవలాకారుడు ఇ.ఎం.ఫార్‌స్టర్ ఒకరు. 1927లో వచ్చిన ‘ఆస్పెక్ట్స్ ఆఫ్ ద నావెల్’ పుస్తకంలో ఆయన చెప్పిన సారాంశం ఇది: జరిగినవి జరిగిన వరసలో చెబితే అది కథ. వాటి మధ్య కార్యకారణ సంబంధం చూపిస్తే అది ప్లాట్.

మన ఉదాహరణ తీసుకుందాం. ‘బస్సు చెడిపోయింది. ఆ తర్వాత రవి పరీక్ష రాయలేదు.’ ఇది సమాచారం. ఇప్పుడిది చూడండి. ‘బస్సు చెడిపోయింది. ఆటో ఎక్కితే రవి టైముకి చేరేవాడే. కానీ జేబులో ఉన్నది చెల్లి పరీక్ష ఫీజు. అందుకే నడిచాడు. వెళ్లేసరికి గేటు మూసేశారు.’ రెండింట్లోనూ ఫలితం ఒక్కటే. రెండోదాన్లో మాత్రం రవి ఎలాంటివాడో మీకు తెలిసిపోయింది. అతను మంచివాడని నేను ఎక్కడా చెప్పలేదు. అతను చేసిన ఎంపిక చెప్పింది.

గమనించండి, ప్లాట్‌ని నడిపినవి రెండే మాటలు. ఒకటి ‘కానీ’, రెండోది ‘అందుకే’. ‘కానీ’ దగ్గర ఆటంకం వస్తుంది. ‘అందుకే’ దగ్గర మనిషి నిర్ణయం తీసుకుంటాడు. ‘ఆ తర్వాత’ దగ్గర మాత్రం ఏమీ జరగదు, గడియారం ముల్లు కదులుతుందంతే.

అల్లిక సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలోనే అరిస్టాటిల్ ఒక పరీక్ష చెప్పాడు. ఒక ముక్కని తీసేసి చూడండి. మొత్తం కదిలిపోతే ఆ ముక్క ప్లాట్‌లో భాగం. ఏ తేడా రాకపోతే అది అక్కడ ఉండాల్సిన పనే లేదు. నా ‘హాబీలు క్రికెట్, పాటలు వినడం’ తీసేయండి, ఏమైనా కూలిందా?

మనం టెక్ విద్యార్థులం కాబట్టి ఇంకోలా చెబుతా. సర్వర్ పడిపోయినప్పుడు లాగ్ ఫైల్ తెరిస్తే ఎన్ని గంటలకు ఏం జరిగిందో వరసగా ఉంటుంది. దాన్నే తీసుకెళ్లి మేనేజర్‌కి చూపిస్తే ఒప్పుకోరు. ఎందుకు పడిపోయిందో, దేనివల్ల ఏది విరిగిందో కావాలి. లాగ్ ఫైల్ కథ అయితే, అసలు కారణం తేల్చే రిపోర్ట్ ప్లాట్. మనం ఇంటర్వ్యూలో లాగ్ ఫైల్ చదివి వస్తున్నాం!

ఆ రెండేళ్ల ప్రశ్నకు జవాబు

మళ్లీ మాహిష్మతికి వెళ్దాం. కట్టప్ప ఎందుకు చంపాడంటే ‘శివగామి ఆజ్ఞాపించింది కాబట్టి’ అని ఒక్క ముక్కలో చెప్పొచ్చు. రెండో భాగం ఆ ఒక్క ముక్కతో మొదలై ఉంటే జనం ఊరుకునేవారు కాదు. ఆ ఆజ్ఞ దాకా తీసుకొచ్చిన గొలుసు చూడండి.

దేవసేన, అమరేంద్ర బాహుబలి ప్రేమించుకున్నారు. కానీ ఆ సంగతి తెలియని శివగామి, దేవసేనని తెచ్చి పెళ్లి చేస్తానని భల్లాలదేవుడికి మాట ఇచ్చేసింది. అదే సమయంలో బాహుబలి దేవసేనకి మాట ఇచ్చాడు. రెండు మాటలూ నిండు సభలో ఎదురుపడ్డాయి. బాహుబలి తన మాటకే కట్టుబడ్డాడు, అందుకే సింహాసనం భల్లాలుడికి వెళ్లింది. సింహాసనం పోయినా జనం గుండెల్లోంచి బాహుబలి పోలేదు, అందుకే భల్లాలుడికి అసూయ చల్లారలేదు. అసూయ కుట్ర అయింది, కుట్ర ఆజ్ఞ అయింది. సింహాసనానికి కట్టుబడిన కట్టప్ప చేతికి కత్తి వచ్చింది.

ఇందులో ప్రతి ముడీ ఒక మనిషి తీసుకున్న నిర్ణయం. వాన పడటం వల్లో, బండి చెడటం వల్లో ఏదీ జరగలేదు. మంచి ప్లాట్ అంటే అదే: ఎవరో ఏదో కోరుకుంటారు, అడ్డు వస్తుంది, ఎంచుకోవాల్సి వస్తుంది, ఎంచుకున్నదానికి మూల్యం చెల్లించాల్సి వస్తుంది.

ట్రైనింగ్ క్లాసుల్లో ‘స్టార్’ పద్ధతి అని నేర్పిస్తారు. పరిస్థితి, బాధ్యత, చేసిన పని, ఫలితం... ఈ నాలుగూ చెప్పమంటారు. పద్ధతి మంచిదే, నేనూ వాడతా. కానీ నా అభిప్రాయంలో నాలుగు డబ్బాలు నింపినంత మాత్రాన ప్లాట్ రాదు. డబ్బాల మధ్య ఉండాల్సిన ‘కానీ’, ‘అందుకే’ పడిపోతే మళ్లీ జాబితానే మిగులుతుంది. ప్యానెల్‌కి కావాల్సింది మీరు చేసిన పనుల పట్టిక కాదు. ఇబ్బంది ఎదురైతే మీ బుర్ర ఎటు వెళ్తుందన్నది.

అదే ప్రాజెక్టు, ఇంకోసారి

కొన్ని నెలల తర్వాత ఇంకో ఇంటర్వ్యూలో అదే ప్రాజెక్టు గురించి అడిగారు. ఈసారి ఇలా చెప్పా.

‘ల్యాబ్‌లో మా సిస్టమ్ బాగా పనిచేసింది సర్. కానీ మొదటిసారి మధ్యాహ్నం క్లాసులో పెట్టినప్పుడు కిటికీ పక్కన కూర్చున్న మా ఫ్రెండ్‌కి ఆబ్సెంట్ వేసేసింది. వాడికి హాజరు అప్పటికే 75 శాతం అంచున ఉంది. “ఇక్కడే ఉన్నా కదరా, నీ ప్రోగ్రామ్‌కి నేను కనబడనా?” అన్నాడు. అందుకే కారణం వెతికాం. మేం ఫొటోలన్నీ ల్యాబ్‌లో ట్యూబ్‌లైట్ కిందే తీశాం. కిటికీ పక్కన వాడి ముఖం సగం నీడలో ఉంది. ముందు సులువు దారి పట్టాం, పోలిక సరిచూసే హద్దుని కాస్త సడలించాం. వాణ్ని గుర్తుపట్టింది. కానీ ఆరోజు కాలేజీకే రాని ఇంకొకడికి హాజరు వేసేసింది! అందుకే ఆ దారి వదిలేసి, ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం వెలుతురులో అందరి ఫొటోలూ మళ్లీ తీశాం. అనుమానం ఉన్న ముఖాలకి ఆబ్సెంట్ వేయకుండా లెక్చరర్‌కి చూపించేలా మార్చాం. దానికి రెండు వారాలు పట్టింది. అందుకే ముందు అనుకున్న మొబైల్ యాప్‌ని వదులుకున్నాం.’

ఆయన పెన్ను పక్కన పెట్టి అడిగారు: ‘యాప్ వదులుకోవడానికి టీమ్‌లో అందరూ ఒప్పుకున్నారా?’ అక్కణ్నుంచి అది ప్రశ్నోత్తరాల్లా కాకుండా మాటామంతీలా సాగింది. కొత్తగా నేనేమీ నేర్చుకోలేదు. ప్రాజెక్టు మారలేదు, పైథాన్ మారలేదు, నా ఇంగ్లిష్ కూడా అంతంతమాత్రమే. మొదటిసారి దాచేసిన వైఫల్యాన్ని రెండోసారి మధ్యలో పెట్టానంతే. మనం సిగ్గుపడి చెరిపేసే చోటే అసలు ప్లాట్ ఉంటుంది.

ఎక్కడ మొదలుపెట్టాలి?

జరిగిన వరస వేరు, చెప్పే వరస వేరు. ‘బాహుబలి’ తండ్రి కథతో మొదలవదు. పసిబిడ్డను నీటిపైకి ఎత్తిపట్టుకున్న చేతితో మొదలై, కొడుకు పెద్దయ్యాక వెనక్కి వెళ్తుంది. గురజాడ అప్పారావు 1910లో రాసిన ‘దిద్దుబాటు’ చదివారా? గోపాలరావు ఎవరు, ఎప్పుడు పెళ్లయింది, ఎప్పట్నుంచి దారి తప్పాడు... ఇవేవీ ముందు చెప్పరు. అర్ధరాత్రి దాటాక ఇంటికొచ్చిన అతను తలుపు దగ్గర నిలబడటంతో కథ మొదలవుతుంది. లోపల భార్య లేదు, ఉత్తరం ఉంది. మిగతా వివరాలన్నీ అతని కంగారులోంచే మనకు తెలుస్తాయి.

మీరు కూడా తలుపు దగ్గర మొదలుపెట్టండి, పదో తరగతి దగ్గర కాదు. ‘మీ గురించి చెప్పండి’ అంటే జీవిత చరిత్ర అడుగుతున్నట్టు కాదు. ఈ ఉద్యోగం దాకా మిమ్మల్ని తీసుకొచ్చిన దారి అడుగుతున్నట్టు. టెస్టింగ్ ఉద్యోగానికి వెళ్తుంటే, మీరు మొదటిసారి ఎవరికీ కనబడని తప్పు పట్టుకున్న రోజే మీ తలుపు. సొంత ఊరు, ఇంటి పరిస్థితి, చదివిన మీడియం... ఇవి ఆ దారిలో భాగమైతే చెప్పండి. కాకపోతే అరిస్టాటిల్ పరీక్ష పెట్టి తీసేయండి.

మన దగ్గరున్న కొలబద్ద

ప్లాట్ అనగానే విదేశీ పుస్తకాలే చూడక్కర్లేదు. భరతుడి నాట్యశాస్త్రం కథకు ఐదు సంధులు చెప్పింది. సంధి అంటే అతుకు, రెండు భాగాలు కలిసే చోటు. ముఖం, ప్రతిముఖం, గర్భం, విమర్శ, నిర్వహణ. ముఖంలో బీజం పడుతుంది. ప్రతిముఖంలో మొలక కనిపించీ కనిపించనట్టు ఉంటుంది. గర్భంలో ఫలం చేతికందినట్టే అంది జారుతుంది, మళ్లీ వెతుకులాట. విమర్శలో పెద్ద అడ్డంకి వచ్చి అసలు అందుతుందా అన్న సందేహం కలుగుతుంది. నిర్వహణలో చెదిరినవన్నీ ఒక్కచోటికి చేరి ఫలం దక్కుతుంది.

దీన్ని మా ప్రాజెక్టు మీద పెట్టి చూడండి. హాజరు తనంతట తానే పడాలన్న కోరిక బీజం. ల్యాబ్‌లో పనిచేయడం మొలక. క్లాసులో ఫ్రెండ్‌కి ఆబ్సెంట్ పడటం చేజారడం. హద్దు సడలిస్తే రానివాడికి హాజరు పడటం అసలు సందేహం. కొత్త ఫొటోలు, లెక్చరర్ పరిశీలన నిర్వహణ. మనం ఇంటర్వ్యూలో సాధారణంగా చెప్పేది మొదటిదీ చివరిదీ మాత్రమే. ‘ఇది చేద్దామనుకున్నాం, చేసేశాం.’ మధ్యలో మూడు అతుకులు ఊడిపోతే నిలబడేదేముంది?

దొంగ అతుకుతో జాగ్రత్త

ఇక్కడే ఒక ప్రమాదం ఉంది. ప్లాట్ బలం తెలిసినవాళ్లకి లేని కారణాలు కల్పించాలనిపిస్తుంది. నాకూ అనిపించింది. రెండో ఏడాదిలో నాకు రెండు బ్యాక్‌లాగ్‌లు ఉన్నాయి. ఒక ఇంటర్వ్యూలో అడిగితే ‘ఆ సెమిస్టర్‌లో జ్వరం వచ్చింది సర్’ అన్నా. జ్వరం రావడం నిజం. సబ్జెక్టులు పోవడం నిజం. కానీ ఒకటి రెండోదానికి కారణం కాదు. ‘రెండు పరీక్షల మధ్య చాలా రోజులు ఉండే ఉంటాయి కదా, అన్నాళ్లూ జ్వరమేనా?’ అని నెమ్మదిగా అడిగారు. నా దగ్గర మాట లేదు. ఆ తర్వాత నేను చెప్పిన నిజాలు కూడా ఆయనకి అబద్ధాల్లాగే వినిపించి ఉంటాయి.

‘బాహుబలి’లో భల్లాలుడు, బిజ్జలదేవుడు చేసిందీ ఇదే. కుమారవర్మ కత్తి పట్టుకుని భల్లాలుడి దగ్గరికి రావడం నిజం. అతను బాహుబలి మనిషి కావడం నిజం. ఆ రెండు నిజాల మధ్య ‘బాహుబలే పంపాడు’ అన్న దొంగ అతుకు వేశారు. శివగామి నమ్మింది. నిజమైన సంఘటనలతో అబద్ధపు ప్లాట్ ఎలా అల్లొచ్చో చెప్పడానికి అంతకంటే మంచి ఉదాహరణ లేదు. దాని మూల్యం ఏంటో అందరం చూశాం.

నా బ్యాక్‌లాగ్‌ల అసలు ప్లాట్ ఇది. ఇంటర్‌లో బట్టీ పట్టి మార్కులు తెచ్చుకున్నా. బీటెక్‌లోనూ అదే చేశా, సిగ్నల్స్ సబ్జెక్టులో ఆ పప్పులుడకలేదు. అందుకే సప్లీకి నోట్స్ పక్కనపెట్టి, ఒక్కో లెక్కకీ చిన్న ప్రోగ్రామ్ రాసి గ్రాఫ్ గీయించి చూసుకున్నా. పాసయ్యా. ఆ గ్రాఫ్‌లు జూనియర్లు అడుగుతుంటే అందరికీ ఒకేచోట ఉంటాయని బ్లాగ్ మొదలుపెట్టా. జ్వరం కంటే ఇదే మంచి ప్లాట్. పైగా ఎన్ని ప్రశ్నలేసినా చెదరదు, ఎందుకంటే నిజంగా జరిగింది.

అందుకే రెడీమేడ్ జవాబులు కొనొద్దంటా. స్నేహితుడి దగ్గర కాపీ కొట్టినా, ఏఐ టూల్‌తో రాయించుకున్నా అందులో అతుకులు నున్నగా ఉంటాయి. కానీ ‘ఎందుకు?’ అని ఇంకొక్కసారి అడిగితే చాలు, ఊడిపోతాయి. ఏఐని వాడాలనుకుంటే జవాబు రాయమని అడగకండి. మీరు రాసింది ఇచ్చి, ఎక్కడ ‘ఎందుకు’ అని అడగాలనిపిస్తుందో చెప్పమనండి.

‘నా జీవితంలో కథేముంది?’

నాకు మెసేజ్ చేసే విద్యార్థులు ఎక్కువగా అనే మాట ఇదే. ‘అన్నా, ఇంటర్న్‌షిప్ లేదు, హ్యాకథాన్ గెలవలేదు. ఇల్లు, కాలేజీ, ఇల్లు. కథేం చెప్పాలి?’ ప్లాట్‌కి పెద్ద సంఘటన అక్కర్లేదు. ఎంపిక ఉంటే చాలు. కొట్టులో నాన్నకి సాయం చేస్తూ అప్పు ఖాతాల పుస్తకాన్ని ఎక్సెల్‌లోకి మార్చారా? ఎందుకు మార్చారు? ఎవరు ఒప్పుకోలేదు? ఏం చెడింది? ఎలా సర్దారు? అదొక ప్లాట్. తెలుగు మీడియం నుంచి వచ్చి మొదటి సెమిస్టర్‌లో పాఠం అర్థంకాక, సందేహం అడగడానికి భయపడి, చివరికి ఒక దారి కనుక్కున్నారా? అదీ ప్లాటే.

ఈ రాత్రికి ఒక పని చేయండి. మీ ప్రాజెక్టుని ముందు తెలుగులోనే ఎనిమిది, పది వాక్యాల్లో రాయండి. వాక్యానికీ వాక్యానికీ మధ్య ఏ మాట పడుతోందో చూడండి. ‘ఆ తర్వాత’ పడితే దాన్ని కొట్టేసి, అక్కడ నిజంగా ‘కానీ’ ఉందో ‘అందుకే’ ఉందో గుర్తుచేసుకోండి. ఏదీ లేకపోతే ఆ వాక్యమే తీసేయండి. మిగిలినదాన్ని ఇంట్లో కోడింగ్ తెలియనివాళ్లకి చెప్పండి. అమ్మ మధ్యలో ‘అయితే ఆ పిల్లాడి హాజరేమైంది?’ అని అడిగిందంటే మీ అల్లిక నిలిచినట్టే. ఇంగ్లిష్‌లోకి మార్చడం ఆ తర్వాతి పని. అల్లిక కుదిరాక చిన్న చిన్న వాక్యాల ఇంగ్లిష్ కూడా సరిపోతుంది.

ప్లాట్ తెలిస్తే ఉద్యోగం ఖాయమని నేను చెప్పను. ఖాళీలు తక్కువ ఉండొచ్చు, కోడింగ్ రౌండ్‌లోనే ఆగిపోవచ్చు. నేను మెరుగ్గా చెప్పిన ఇంటర్వ్యూల్లోనూ అన్నీ రాలేదు. కానీ ఒక తేడా వచ్చింది. అంతకుముందు ‘నాకేమీ రాదు’ అనుకుంటూ ఇంటికి వచ్చేవాణ్ని. నా నాలుగేళ్లని ‘కానీ’, ‘అందుకే’లతో రాసుకున్నాక, నేను కొన్ని నిర్ణయాలు తీసుకున్న మనిషినని నాకే మొదటిసారి తెలిసింది. ప్యానెల్ ముందు కూర్చునే ముందు ఆ సంగతి మీకు తెలియడం ముఖ్యం.